వెళ్లేటప్పుడు బెదరని గుర్రం, వచ్చేటప్పుడు ఎందుకు బెదురుతోంది?

కొత్తరౌతు:
స్వారీ నేర్చుకుంటున్నానండి. నేనెక్కే ఆడగుర్రం నెమ్మదైనదే. దారి పక్కన బోర్లించిన నీలం పీపా ఒకటుంది. వెళ్లేటప్పుడు దాన్ని కన్నెత్తి చూడదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చెవులు నిక్కబొడుచుకుని, బుస్సుమని, పక్కకి ఒకే గెంతు! నేర్పేవాళ్లేమో "గుర్రానికి రెండు మెదళ్లు, కుడికన్ను చూసింది ఎడమకంటికి తెలీదు" అంటారు. ఇంకొకాయన "నువ్వు కొత్తని కనిపెట్టింది, కావాలనే ఆడిస్తోంది, రెండు తగిలించు" అంటాడు. ఎవరి మాట వినాలి?

జీనుసంచి:
రెండు మెదళ్ల మాట మేమూ నమ్ముతాం. అందుకే ప్రతిదీ రెండువైపులా అలవాటు చేస్తాం. పని జరుగుతోంది కదా, కారణం ఏదైతేనేం!

లాయంమనిషి:
పని జరుగుతోంది సరే, కారణం తప్పు. మెదడులోని రెండు సగాలనీ కలిపే నరాల కట్ట, కార్పస్ కెలోసమ్, మనకున్నట్టే గుర్రానికీ ఉంది. 1999లో గుర్రాల మీద పరిశోధన చేసే ఎవలిన్ హాంగీ ఒక కంటికి గంత కట్టి, రెండు బొమ్మల్లో దేన్ని ఎంచుకుంటే మేత దొరుకుతుందో గుర్రాలకి నేర్పింది. తర్వాత గంతను రెండో కంటికి మార్చింది. అయినా సరైన బొమ్మనే పట్టుకున్నాయి.

మరి బెదురెందుకంటారా? వచ్చేటప్పుడు కనబడేది పీపా అవతలి వైపు. 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లల జారుడుబల్ల సెట్టు ఒకటి పెట్టి, గుర్రాలకి బాగా అలవాటయ్యేదాకా దాని ముందు నుంచే నడిపించారు. తర్వాత దాన్ని అక్కడే 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. అంతే, కొత్త వస్తువును చూసినట్టు బెదిరాయి. చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తూ, ఎక్కణ్ణుంచి ఏం మీదపడుతుందోనని బతికే జంతువు అది. ఆకారం మారితే ముందు గెంతుతుంది, ఆలోచన తర్వాత. పైగా నీలం దానికి చక్కగా తెలుస్తుంది, ఎరుపూ ఆకుపచ్చా తేడానే తెలీదు.

ఒక్క సంగతి అడుగుతా, ఏమనుకోకండి. పీపా దగ్గరికొస్తుంటే మీరు పగ్గాలు బిగిస్తున్నారా? స్వీడన్‌లో 2009లో ఒక ప్రయోగం చేశారు. రౌతుల్ని ఒకే దారిలో నాలుగుసార్లు పంపారు. నాలుగోసారికి ముందు "ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం" అని చెప్పారు. తెరవనేలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, కిందున్న గుర్రం గుండె వేగమూ పెరిగింది. రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అన్నారా!

కొత్తరౌతు:
బిగిస్తున్నానండి, కాళ్లు కూడా. కానీ "కావాలనే" అన్నమాట సంగతి?

పరిశోధనపిచ్చి:
దాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ 2024 ప్రయోగం చూడండి. ముక్కుతో కార్డు తాకితే మేత. తర్వాత, దీపం వెలిగి ఉండగా తాకితే ఏమీ రాదన్నారు. గుర్రాలు లెక్కచేయలేదు, తాకుతూనే పోయాయి. తప్పుగా తాకితే పది సెకన్లు ఆట బంద్ అనేసరికి, ఒక్కసారిగా సరిగ్గా ఆడాయి! నియమం ముందే అర్థమైందనీ, పాటించకపోతే నష్టం లేదు కాబట్టే పట్టించుకోలేదనీ పరిశోధకుల మాట. ఇది మొద్దు బుర్ర చేసే పని కాదు.

లాయంమనిషి:
నేనూ కాదనను. బద్ధకించడంలో గుర్రాన్ని మించింది లేదు, ఆ లెక్క దానికి బాగా వచ్చు. కానీ ముక్కుపుటాలు విప్పి బుసకొట్టేది లెక్క కాదు, భయం. అప్పుడు కొడితే, పీపా కనబడ్డప్పుడల్లా దెబ్బ పడుతుందన్న పాఠం ఒక్కటే ఎక్కుతుంది. వాటి జ్ఞాపకం సంగతి మామూలుది కాదు: నేర్చిన బొమ్మల్ని ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టినట్టు హాంగీయే చూపించింది.

రేపు స్వారీకి ముందు దిగి, చేత్తో పట్టుకుని పీపా చుట్టూ రెండు దిక్కులా నడిపించండి. తాడు వదులుగా ఉంచండి. దూరంగా నిలబడి చూస్తానంటే చూడనివ్వండి. తల దించి, పెదాలు నమిలి, వాసన చూశాకే ఎక్కండి. చీకటి పడేవేళ మాత్రం వద్దు, వెలుతురు మారితే దాని కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సేపు పడుతుంది.