కోచ్‌కి ‘ఉద్వాసన’ పలకొచ్చా?

పోస్టు:
మొన్న ఇంట్లో ఈ మాట మీద చిన్న గొడవ. ఫుట్‌బాల్ వార్త ఒకటి పైకి చదువుతున్నాను, ఫలానా క్లబ్ మేనేజర్‌కు, అంటే కోచ్‌కి, ఉద్వాసన అని. పక్కన పూలు గుచ్చుతున్న అమ్మ తలెత్తి, ‘‘దేవుడికి చెప్పే మాట అది. మ్యాచ్‌లు ఓడినవాడికి ఉద్వాసన ఏమిట్రా?’’ అంది. నిజమే అనిపించింది. ఆవాహన చేసి పిలుస్తాం, ఆసనం వేస్తాం, పదహారు ఉపచారాలూ చేస్తాం, చివర కాస్త కదిపి ‘యథాస్థానం ఉద్వాసయామి’ అంటాం. మర్యాదగా పంపడం అది. పొద్దున్నే పిలిచి ‘రేపటి నుంచి రావద్దు’ అనడానికి ఈ మాట ఎలా అంటుకుంది? వేటు, తొలగింపు, సాగనంపడం, పీకేయడం, ఊస్టింగ్... ఇన్ని ఉండగా పూజ మాటను ఆటల పేజీకి ఎవరు లాక్కొచ్చారు? పెద్దలు చెప్పాలి.

జవాబు:
లాక్కొచ్చింది ఆటల పేజీ కాదు తమ్ముడూ, రాజకీయాల పేజీ. మంత్రులకు పలికి పలికి అలవాటైన ఉద్వాసనే కోచ్‌ల దాకా వచ్చింది. నేను డెస్కులో పనిచేసినవాణ్ణి, లోపలి మాట చెప్తాను. హెడ్డింగ్‌కి సింగిల్ కాలమ్ ఇస్తే ‘వేటు’, రెండు కాలమ్‌లు ఇస్తే ‘ఉద్వాసన’. మా భాషా చింతన అంతవరకే. అయినా వేటు అంటే కత్తి దెబ్బ కదా. ఆ దెబ్బ తిన్నవాడు రెండు నెలల్లో ఇంకో క్లబ్ స్కార్ఫ్ పట్టుకుని ఫొటో దిగుతుంటే హెడ్డింగ్ పెట్టిన మాకే నవ్వొచ్చేది.

జవాబు:
‘వస్’ అంటే ఉండడం. వాసం, నివాసం దాని పిల్లలే. దానికి ‘ఉత్’ చేరితే ఉన్నచోటు నుంచి లేపడం. యజ్ఞాల్లో హవిస్సును నిప్పు మీంచి దించడాన్నీ ఉద్వాసనమనే అంటారు. కాబట్టి అది విగ్రహాలకు మాత్రమే అన్న పట్టు అక్కర్లేదు (ఈ మాట అమ్మగారి దగ్గర అనకండి). పైగా అయిపోవడాన్ని శుభంగా చెప్పడం తెలుగువాడికి అలవాటు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం, దీపం ఆరితే కొండెక్కింది అంటాం. మానేస్తే స్వస్తి, మూసేస్తే మంగళం. ఉద్వాసనా ఆ వరసలోదే.

ఒకటి మాత్రం గమనించండి. మీరు మంత్రంలో సగమే రాశారు. ‘శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ’ అన్నది మిగతా సగం. మళ్ళీ రావడానికే పంపుతున్నాం అని అర్థం.

పోస్టు పెట్టినతను:
మాస్టారూ, ఆ మిగతా సగం చదివాక మాట మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కి ఇంతకంటే సరైన మాట దొరకదు.

డేవిడ్ మోయెస్ అనే మేనేజర్‌నే తీసుకోండి. 2013లో పాత మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయాక మాంచెస్టర్ యునైటెడ్ ఆయన్ని ఆరేళ్ళ ఒప్పందంతో తెచ్చుకుంది. పది నెలలకే పంపేసింది. 2017 నవంబరులో వెస్ట్‌హామ్ పిలిచింది. కింది డివిజన్‌లోకి జారిపోకుండా కాపాడాడు. సీజన్ అయ్యాక ‘ఇక చాలు’ అన్నారు. 2019 డిసెంబరులో మళ్ళీ అదే క్లబ్, మళ్ళీ అదే ఆపద, మళ్ళీ ఆయన్నే పిలిచారు! ఈసారి 2023లో యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ కప్పు గెలిపించాడు. 1980 తర్వాత ఆ క్లబ్‌కి పెద్ద కప్పు అదే. 2024లో అక్కడి నుంచి బయటికి. 2025 జనవరిలో ఎవర్టన్, అంటే 2002 నుంచి పదకొండేళ్ళు పనిచేసిన పాత గూటికే. పునరాగమనాయ చ అంటే ఇంతకంటే ఏముంటుంది?

ఉద్వాసనకు ముందు హారతి కూడా ఉంటుందండోయ్. లెస్టర్ సిటీని 2016లో ఎవరూ ఊహించని విధంగా లీగ్ చాంపియన్‌ని చేసిన రనియేరి గుర్తున్నాడా? మరుసటి సీజన్‌లో జట్టు కిందికి జారుతుంటే, 2017 ఫిబ్రవరి 7న క్లబ్ ఒక ప్రకటన ఇచ్చింది, ఆయనకు మా మద్దతు చెక్కుచెదరదు అని. ఫిబ్రవరి 23న పంపేసింది. అందుకే అక్కడి అభిమానులకు యాజమాన్యం ‘పూర్తి నమ్మకం ఉంది’ అనగానే టెన్షన్ మొదలవుతుంది.

జవాబు:
బాగుందిగానీ అన్నా, ఒక ప్రశ్న. లేఆఫ్ వార్తల్లోనూ ‘ఉద్యోగులకు ఉద్వాసన’ అనే రాస్తారు. నాకూ ఒక కంపెనీ పలికింది. ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నా. ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతిచోటా ‘ఎందుకు తీసేశారు’ అనే అడిగారు, ఒక్కరూ ‘పునరాగమనాయ’ అనలేదు. వరసగా నాలుగు చోట్ల తీసేసినా ఈ మేనేజర్లకి అయిదో ఉద్యోగం ఎలా వస్తుంది?

పోస్టు పెట్టినతను:
తమ్ముడూ, భాషా చర్చ దారి తప్పుతోందని అడ్మిన్ గారు కోప్పడకపోతే చెప్తాను.

డిసెంబరులో జట్టు అట్టడుగున ఉందనుకో. పాతికమంది ఆటగాళ్ళను మార్చలేరు, క్లబ్‌లు ఆటగాళ్ళను కొనడానికి, అమ్మడానికి గడువు తెరిచేదే ఏడాదికి రెండుసార్లు. రాత్రికి రాత్రి మార్చగలిగేది ఒక్క మనిషిని. సరే, మార్చాలి, ఎవరిని తేవాలి? బాగా నడిపిస్తున్నవాడు ఇంకో క్లబ్ ఒప్పందంలో ఉంటాడు, వాడు కావాలంటే ఆ క్లబ్‌కి పరిహారం కట్టాలి. ఆ వేళకి ఖాళీగా దొరికేదెవరు? వేరేచోట ఉద్వాసన అయినవాడు. అంటే నీ విషయంలో మచ్చగా చూసినదే ఆయన విషయంలో అర్హత. ప్రీమియర్ లీగ్‌లో ఇరవై జట్లు, ఏటా మూడు కిందికి పోతాయి, పోతే టీవీ ప్రసారాల డబ్బుకి గండి పడుతుంది. ఆ భయంలో కొత్త కుర్రాణ్ణి తెచ్చి ఓడితే తిట్లు యజమానికి. పేరున్నవాణ్ణి తెచ్చి ఓడితే ‘అంత అనుభవం ఉన్నా కుదర్లేదు’ అని తప్పించుకోవచ్చు.

మార్చాక నిజంగా బాగుపడుతుందా అంటే, అదో తమాషా. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు మార్పులన్నీ లెక్కగట్టి చూశారు. మేనేజర్‌ని మార్చిన జట్లు కోలుకున్నాయి. అంతే దెబ్బతిని మార్చకుండా ఊరుకున్న జట్లూ దాదాపు అలాగే కోలుకున్నాయి. జ్వరం తగ్గే రోజున తాయెత్తు కట్టినవాడికే పేరు.

దక్షిణ సంగతి కూడా చెప్పాలి. 2018 డిసెంబరులో మేనేజర్ మౌరినోని, ఆయన సిబ్బందిని పంపడానికి మాంచెస్టర్ యునైటెడ్‌కి అయిన ఖర్చు 1.96 కోట్ల పౌండ్లు. పౌండ్లు! నీ లేఆఫ్‌కి ఏమిచ్చారో అడగను.

జవాబు:
అడక్కపోవడమే మంచిది అన్నా.

జవాబు:
హైదరాబాద్‌వాణ్ణి, ఒక్క ముక్క. మా ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్‌కి ఈ మాట అవసరమే రాలేదు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలోనే ఉంది. మధ్యలో 1951, 1962 ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా భారత్‌కి స్వర్ణాలు.

జవాబు:
మునిగే జట్టును ఒడ్డున వేయడానికే పిలిచేవాళ్ళను ఇంగ్లిష్‌లో మంటలార్పేవాడు అంటారట. ‘అగ్నిమాపక మేనేజర్’ అని ఎక్కడో రాశారు, చదవగానే ఎర్ర లారీ కళ్ళముందు కదిలింది. మనకి సామెతలోనే మనిషి ఉన్నాడు కదా: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. శామ్ అలర్డైస్‌ని ఎవర్టన్ 2017 నవంబరు చివర్లో పిలిచింది. పదమూడో స్థానంలో ఉన్న జట్టు ఎనిమిదో స్థానంలో ముగించింది. మే నెలలో ఆయన బోడి మల్లయ్య అయ్యాడు. నా ఓటు ‘ఓడ మల్లయ్య’కే.

పోస్టు పెట్టినతను:
అక్కా, ఇది దొంగిలిస్తున్నాను. మరి అసలువాడు వచ్చేదాకా నాలుగు మ్యాచ్‌లు చూసుకునే ‘కేర్‌టేకర్’ని ఏమనాలి? ‘తాత్కాలిక’ అంటే ప్రభుత్వ ఆర్డరులా ఉంది.

జవాబు:
పసుపు గణపతి. ముందు ఆయన్నే పూజిస్తాం, ప్రధాన పూజ మొదలవకముందే ఆయనకి ఉద్వాసన చెప్పేస్తాం.

పోస్టు పెట్టినతను:
అద్భుతం మాస్టారూ! 2024లో యునైటెడ్‌కి వాన్ నిస్టెల్‌రాయ్ సరిగ్గా అలాగే నాలుగు మ్యాచ్‌లు చూశాడు. మూడు గెలుపులు, ఒక డ్రా. కొత్తాయన రాగానే పంపేశారు. ఆ నెలాఖరుకే లెస్టర్ పిలిచింది.

జవాబు:
పిలవదా మరి. మంత్రంలో ఆ ‘చ’ ఊరికే లేదు. అమ్మగారు ఏమన్నారో రాయండి.

పోస్టు పెట్టినతను:
ఇదంతా చదివి వినిపించాను. ‘‘అయితే ఆ లెస్టర్ వాళ్ళైనా ఉంచుకున్నారా?’’ అంది. జట్టు కిందికి పోయింది, జూన్‌లో ఆయన్నీ పంపేశారు అన్నాను. ఏమీ అనలేదు, దండ ముడి వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.