జర్మనీ నుంచి అమ్మకు ఫోను ఎప్పుడు చేయాలి?

మిర్యాలగూడ అమ్మాయి:
వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు. మొన్న ఆ సంగతి మరిచి, ఇంట్లో పెరుగు లేక అన్నంలో ఉప్పు, గంజి కలుపుకుని తిన్నాను. మిల్లుల ఊరి పిల్లను, బియ్యానికి మాత్రం లోటు లేదు! అసలు బాధ వేరు. చలికాలంలో ఇక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. క్లాసులు ముగించి గదికి చేరేసరికి అమ్మ నిద్రపోతుంది. మీరంతా ఎప్పుడు మాట్లాడుతున్నారు?

పాలమూరు పల్లీ:
ఉదయం ఏడింటికి చేయండి అక్కా. అక్కడ పదకొండున్నర, వంట వేళ. మా అమ్మ ఫోనును పప్పు డబ్బాకు ఆనించి పెడుతుంది, నాకు కనిపించేది ఫ్యాను ఒక్కటే. అయినా తాలింపు చప్పుడు వింటూ ట్రామ్ ఎక్కుతాను. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా మూడున్నరే.

నల్లగొండ నాన్న:
మా వాడూ అక్కడే. వీసా కోసం ఖాతాలో 11,904 యూరోలు వేశాం, నెలకు 992 మాత్రమే చేతికొస్తాయి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు తిరిగిచ్చి ఒక్కోదానికి 25 సెంట్లు తెచ్చుకుంటున్నాడని విని మా ఆవిడ ఏడ్చింది. అది ముందు కట్టిన డిపాజిట్టేనని చెప్పినా వినదు.

మిర్యాలగూడ అమ్మాయి:
ఈరోజు ఏడింటికి చేశాను. పచ్చిపులుసుకు ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మ కత్తిపీట వదిలేసి, "ఇంత పొద్దున్నే లేచావు, జ్వరమా?" అంది.