మోకాలి గుజ్జు అరిగిందని తేలాక నడక మానాలా, కొనసాగించాలా?

ఉదయరాగం:
మా అమ్మకు 62 ఏళ్లు. కుడి మోకాలు రెండేళ్లుగా నొప్పి పెడుతోంది. ఎక్స్‌రే తీయిస్తే, రెండు ఎముకల మధ్య ఉండాల్సిన ఖాళీ లోపలి వైపు తగ్గిందని, అంచుల్లో ఎముక కాస్త పెరిగిందని చెప్పారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, "గుజ్జు అరిగిపోయింది" అని. అమ్మ నడక పూర్తిగా మానేసింది. మిగిలిన కాస్త గుజ్జునైనా కాపాడుకోవాలని ఆమె తాపత్రయం. నాన్న మాత్రం రోజూ నడవాల్సిందేనంటారు. ఏ సాయంత్రమూ ఈ వాదన లేకుండా గడవడం లేదు. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలా, లేక వాడుతుంటేనే నిలుస్తుందా? మందుల పేర్లు వద్దు, కారణం చెప్పండి.

బండిచక్రం:
అమ్మగారి ఆలోచనే సబబు. కీలంటే రెండు ఎముకల కొసలు ఒకదాని మీద ఒకటి కదిలే చోటు. కదలిక ఉంటే రాపిడి ఉంటుంది, రాపిడి ఉంటే అరుగుదల ఉంటుంది. చదునైన నేల మీద మామూలుగా నడిచినా మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. 70 కిలోల మనిషికి అడుగడుగునా దాదాపు 200 కిలోలన్నమాట. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. పైగా పెద్దయ్యాక పోయిన గుజ్జు మునుపటిలా తిరిగి పెరగదు. నేను అనుభవించి చెబుతున్నాను. నొప్పిని లెక్కచేయకుండా నెల రోజులు రోజుకు పది వేల అడుగులు నడిచాను. మోకాలు వాచి, లోపల చేరిన నీటిని సూదితో తీయించుకోవాల్సి వచ్చింది. మీ అమ్మగారికి ఆ బాధ వద్దు.

నిదానం:
నేను 20 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. బండిచక్రం గారి బాధ నిజం, ఆయన చెప్పిన భారం లెక్కా నిజమే. కానీ కీలును చక్రంతో పోల్చడం దగ్గరే మనం దారి తప్పుతున్నాం. చక్రానికి ప్రాణం లేదు. మనం గుజ్జు అనేది, అంటే ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థి, ప్రాణమున్న కణజాలం. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మరి ఆహారం ఎలా అందుతుంది? కీలు సంచిలో ఉండే జిగట ద్రవం నుంచి. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం ఒక చెంచాడు కూడా ఉండదు. అడుగు వేసినప్పుడు మృదులాస్థి నొక్కుకుపోయి తనలోని ద్రవాన్ని బయటికి వదులుతుంది, అడుగు ఎత్తినప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. పోషకాలు లోపలికి చేరడానికి, వ్యర్థాలు బయటికి పోవడానికి ఈ రాకపోకలు ఎంతో అవసరం. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే అవి మందగిస్తాయి. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదపలేని స్థితికి చేరిన వారికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే మోకాలి మృదులాస్థి పలచబడిందని తేలింది. భారం అన్నదే లేని మోకాలు గుజ్జును దాచుకోలేకపోయింది.

రాపిడి గురించి కూడా చెప్పాలి. ఆరోగ్యకరమైన కీలులో రెండు మృదులాస్థుల మధ్య రాపిడి, మంచు మీద మంచు జారినప్పటికంటే తక్కువ. ఇక "అరుగుదల" అన్న పేరు ఈ జబ్బులో సగమే చెబుతుంది. కీలు లోపలి పొర వాస్తుంది, మృదులాస్థిని కరిగించే ఎంజైములు పెరుగుతాయి, కింది ఎముక గట్టిపడుతుంది, చుట్టూ కండరం బలహీనపడుతుంది. మృదులాస్థికి నరాలే లేవు కాబట్టి నొప్పి నేరుగా దాని నుంచి రాదు, ఎముక నుంచి, పొర నుంచి, కీలు చుట్టూ ఉన్న సంచి నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా నడిచేవారు ఉంటారు, కొద్దిగా అరిగినా నిద్రపట్టనివారూ ఉంటారు.

ఉదయరాగం గారూ, ఒక పని చేయండి. అమ్మగారు కుర్చీలో కూర్చునేటప్పుడు పక్క నుంచి గమనించండి. ముక్కాలు వంతు నెమ్మదిగా వంగి, చివరి జానెడు దూరం దబ్బున కూలబడుతున్నారా? అలాగైతే తొడ ముందు కండరం బరువును ఆపలేకపోతోందన్నమాట. ఆ కండరం పట్టుకోలేని బరువంతా కీలు మీద పడుతుంది. తర్వాత మోకాలి చిప్పకు 10 సెంటీమీటర్ల పైన టేపుతో రెండు తొడల చుట్టుకొలతా చూడండి. నొప్పి ఉన్న వైపు తక్కువగా ఉంటే ఆ కండరం చిక్కిపోయిందన్నమాట.

పరుగువీరుడు:
ఇంకా భయమెందుకు? 2017లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవారిలో 3.5 శాతం మందిలో, పరుగే ఎరగనివారిలో 10.2 శాతం మందిలో కనిపించింది. పరుగే అరగదీయనప్పుడు నడక అరగదీస్తుందా?

బండిచక్రం:
అదే సమీక్షలో పోటీల స్థాయి పరుగు వీరుల అంకె 13.3 శాతం. దాన్ని ఎందుకు వదిలేశారు? పైగా మోకాలు నొప్పి పెట్టినవారు పరుగు మానేస్తారు, చివరికి మిగిలేది మంచి మోకాళ్లున్నవారే. అప్పుడు మేలు చేసింది పరుగో, వారి మోకాళ్లో ఎలా తేలుతుంది? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ లెక్క జబ్బు లేనివారు జబ్బు తెచ్చుకుంటారా అన్న ప్రశ్నకు. ఇక్కడ ఆ అమ్మగారికి జబ్బు ఇప్పటికే ఉంది.

నిదానం:
ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఆ అంకెలతో అమ్మగారికి సలహా చెప్పలేం. ఆమెకు పనికొచ్చే ఆధారం వేరే ఉంది. మోకాలి అరుగుదల ఉన్నవారి మీదే జరిగిన ఎన్నో పరీక్షల్లో వ్యాయామం నొప్పిని తగ్గించింది, కదలికను మెరుగుపరిచింది. పోయిన గుజ్జు తిరిగి వచ్చిందని మాత్రం ఎవరూ చూపలేదు, నేనూ ఆ ఆశ పెట్టను.

బండిచక్రం గారూ, మీకు జరిగినదాంట్లో తప్పు నడకది కాదు, మోతాదుది. అలవాటు లేని మోకాలిని ఒక్కసారిగా పది వేల అడుగులకు తెచ్చారు. నీరు చేరిన మోకాలు తొడ కండరాన్ని గట్టిగా బిగుసుకోనివ్వదు. కండరం ఆగిపోయాక వేసిన ప్రతి అడుగూ నేరుగా కీలుకే తగిలింది. నా దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పే కొలత ఇది: నడిచేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటి ఉదయానికి మోకాలు ముందు రోజు స్థితికి రావాలి. రాకపోయినా, వాచినా, దూరం సగానికి తగ్గించాలి. బరువు ఎక్కువ ఉంటే అది తగ్గడమూ పెద్ద సాయం. 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒంట్లో కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

ఇదంతా అరుగుదల గురించి మాత్రమే. పొద్దున లేచాక బిగుతు గంటకు పైగా వదలకపోతే, చేతివేళ్ల కణుపులు కూడా వాస్తే, అది కీళ్లవాతం, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు కావచ్చు. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే గౌట్, అంటే కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకునే జబ్బు కావచ్చు. ఒక్క కీలు వేడెక్కి వాచి జ్వరం కూడా వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు నడక మాటే ఎత్తకూడదు.

సందేహి:
చిన్న రంధ్రాలు చేసి లోపల శుభ్రం చేస్తే సరిపోతుందని మా అత్తయ్యకు చెప్పారు. నిజమేనా? నా మోకాళ్లు లేచినప్పుడల్లా పటపటమంటాయి, అదీ అరుగుదలేనా?

నిదానం:
2002లో అమెరికాలో మోకాలి అరుగుదల ఉన్న 180 మంది మీద పరీక్ష చేశారు. కొందరికి నిజంగా శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో వారికి తెలియదు. రెండేళ్లపాటు చూసినా నొప్పిలో తేడా రాలేదు. కాబట్టి కేవలం అరుగుదలకు ఆ ఆపరేషను ఎందుకని అత్తయ్యగారిని గట్టిగా అడగమనండి.

చప్పుడు సంగతి పక్క విషయమే, అయినా చెబుతాను. డోనాల్డ్ అంగర్ అనే వైద్యుడు 60 ఏళ్లకు పైగా ఎడమ చేతి మెటికలు మాత్రమే విరుచుకుని, చివరికి రెండు చేతులూ పోల్చి చూసుకున్నాడు. ఏ చేతి కీళ్లకూ జబ్బు రాలేదు. నొప్పి, వాపు లేని చప్పుడు గురించి దిగులు వద్దు.

బండిచక్రం:
మోతాదు మాట ఒప్పుకుంటాను, నాకు ఎవరూ అలా చెప్పలేదు. మెట్ల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. తప్పించుకోగలిగితే తప్పించుకోవడమే మేలు.

నిదానం:
నొప్పి ముదిరి ఉన్న వారాల్లో అది సరైన మాటే. తప్పనప్పుడు కమ్మీ పట్టుకుని, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. కానీ ఏళ్ల తరబడి మెట్లు మానేస్తే తొడలో మిగిలిన బలమూ పోతుంది. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

ఉదయరాగం:
ఇప్పుడే కొలిచాను. ఎడమ తొడ 44 సెంటీమీటర్లు, కుడి తొడ 42. కుర్చీ విషయం మీరు చెప్పినట్టే ఉంది, చివర్లో చేతులు రెండూ కుర్చీకి ఆనించి కూలబడుతోంది. అమ్మ నమ్మలేదు. టేపు నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ కొలుచుకుంది, అదే అంకె వచ్చింది. ఎత్తు కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం రేపటి నుంచి మొదలుపెడతానంది, రోజుకు పది సార్లు. నడక సంగతి ఇంకా తేలలేదు.