ఒక్క వెలుగు గ్రాఫ్ చూసి నక్షత్రం నడిబొడ్డు తిరిగే వేగం ఎలా చెబుతారు?

బేరింగ్ బాబాయ్:
నేను థర్మల్ ప్లాంట్‌లో వైబ్రేషన్ అనాలసిస్ చేస్తాను. ఫీడ్ పంపు కానీ, గేర్‌బాక్సు కానీ, హౌసింగ్ మీద సెన్సర్ పెట్టి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత కంపనం ఉందో చూపే గ్రాఫు) తీసి, పీక్ ఎక్కడ లేచిందో చూసి లోపల ఏం అరిగిందో చెప్పడం నా పని. అందుకే ఆస్టరోసీస్మాలజీ గురించి కనపడితే ఆగి చదివాను. వెలుగు పెరిగి తగ్గే తీరును బట్టి నక్షత్రం లోపలి సంగతి కనిపెడతారట. సరే, అంతవరకు ఒప్పుకున్నాను.

కానీ కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ చూసిన ఒక రెడ్ జెయింట్‌లో (ముసలిదై ఉబ్బిపోయిన ఎర్ర నక్షత్రం) నడిబొడ్డు పైపొర కంటే కనీసం పది రెట్లు వేగంగా తిరుగుతోందని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. మేం ఒక్క గేర్‌బాక్సుకే నాలుగు చోట్ల, మూడు దిక్కుల్లో రీడింగ్ తీస్తే తప్ప ధైర్యంగా మాట్లాడం. వీళ్ల చేతిలో ఉన్నది ఒకే ఒక్క అంకె, నక్షత్రం మొత్తం నుంచి వచ్చే వెలుగు. అదీ అరగంటకోసారి. మరి ఇది కొలతా, ఊహా? ‘మోడల్ అలా చెప్పింది’ అని మాత్రం అనకండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల దగ్గర ఆ మాట చాలాసార్లు విన్నాను.

తారాపథం:
బాబాయ్ గారూ, సగం జవాబు మీ దగ్గరే ఉంది. గేర్ పళ్లు కలిసే చోట వచ్చే మెష్ పీక్‌కి అటూ ఇటూ సైడ్‌బ్యాండ్స్ (చిన్న పక్క పీకులు) లేస్తే, వాటి మధ్య ఎడం చూసి ఏ షాఫ్ట్ గొడవో చెప్పేస్తారు కదా. ఇక్కడా దాదాపు అదే లెక్క. నా పీహెచ్‌డీ రెడ్ జెయింట్స్ మీదే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

ముందు ఆ ‘ఒకే అంకె’ సంగతి. నక్షత్రం ఒకే తీరుగా కంపించదు. ఒక తీరులో మొత్తంగా ఉబ్బి తగ్గుతుంది. ఇంకో తీరులో ఒక సగం వేడెక్కుతుంటే రెండో సగం చల్లబడుతుంది. అలా ముక్కలు పెరిగేకొద్దీ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని దూరానికి ఏమీ కనపడవు. సూర్యుడి ముఖాన్ని ముక్కముక్కగా చూడగలం కాబట్టి వేల తీరులు దొరుకుతాయి (మన ఉదయ్‌పూర్‌లో గాంగ్ నెట్‌వర్క్ టెలిస్కోప్ ఒకటి ఆ పని మీదే పెట్టారు). మిగతా నక్షత్రాలకు మొదటి మూడు నాలుగు తీరులే గతి. కాకపోతే ఒక్కో తీరులో బోలెడన్ని ఫ్రీక్వెన్సీలు ఉంటాయి.

పైపొరల్లో తిరిగేవి పీడనంతో నడిచే శబ్ద తరంగాలు. నడిబొడ్డులో వేరే రకం ఉంటాయి: చుట్టుపక్కల కంటే బరువైన వాయువు కిందికి దిగి, తేలికైనది పైకి లేచి, ఆ ఊపుతో నడిచేవి. వీటిని గ్రావిటీ తరంగాలంటారు కానీ, లైగో డిటెక్టర్ పట్టుకున్న గురుత్వ తరంగాలతో వీటికి సంబంధం లేదు. సూర్యుడిలో ఈ రెండూ ఎవరి దారిన వాళ్లు పోతాయి. రెడ్ జెయింట్‌లో నడిబొడ్డు కుంచించుకుపోయి, పైపొర ఉబ్బిపోయి, రెండింటి ఫ్రీక్వెన్సీలూ కలుస్తాయి. అప్పుడు పుట్టేవి మిశ్రమ కంపనాలు. లోపల మొదలైన కదలిక పైదాకా వచ్చి వెలుగులో కనపడుతుంది.

నక్షత్రం తిరుగుతుంటే, నేను రెండో తీరు అన్న కంపనంలో ఒక్కో పీక్ మూడుగా చీలుతుంది. మిశ్రమ కంపనాల్లో కొన్నింటికి నడిబొడ్డు వాటా ఎక్కువ, కొన్నింటికి పైపొర వాటా ఎక్కువ. నక్షత్రం మొత్తం ఒకే ముద్దలా తిరిగితే నడిబొడ్డు రకం పీకులు తక్కువ చీలాలి, పైపొర రకంలో దాదాపు సగం. మీరు చెప్పిన ఆ రెడ్ జెయింట్‌లో (కెప్లర్ జాబితాలో కేఐసీ 8366239) అవే ఎక్కువ చీలాయి. పది రెట్లు అన్న అంకె రావడానికి మోడల్ కావలసిందే, ఒప్పుకుంటాను. లోపల వేగం ఎక్కువ అన్నది మాత్రం ఫ్రీక్వెన్సీ స్పెక్ట్రమ్‌లోనే కనపడుతోంది.

ఆ చీలికలు మైక్రోహెర్ట్జ్‌లో పదో వంతు స్థాయివి. రెజల్యూషన్ కావాలంటే ఎన్నాళ్లు రికార్డ్ చేయాలో మీరే లెక్కేయండి. అదీ తెగకుండా. భూమి మీద ఒకే చోటు నుంచి చూస్తే రోజూ పగలు అడ్డొచ్చి, ప్రతి పీక్‌కీ 11.57 మైక్రోహెర్ట్జ్ దూరంలో దొంగ పీకులు లేస్తాయి.

మిద్దెమీద దూరదర్శిని:
కంటికే కనపడేది ఒకటి చెప్తాను. శ్రవణా నక్షత్రానికి దక్షిణంగా ఈటా అక్విలే ఉంటుంది. ఎడ్వర్డ్ పిగట్ 1784లో దీని హెచ్చుతగ్గులు గుర్తించాడు. 7.18 రోజులకోసారి 3.5 నుంచి 4.3 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) దాకా దిగి మళ్లీ లేస్తుంది. మా కర్నూలు మిద్దె మీద నుంచి పక్కనున్న బీటా అక్విలే నక్షత్రంతో పోల్చి చూస్తుంటా. కొన్నాళ్లు బీటాని మించుతుంది, కొన్నాళ్లు వెలవెలబోతుంది. ఇంత గట్టిగా కొట్టుకునే నక్షత్రాన్ని వదిలేసి కంటికి ఆనని వాటి వెంట పడటం దేనికి?

తారాపథం:
అది సెఫీడ్ అండీ, లెక్కగా ఉబ్బి తగ్గే రకం నక్షత్రం. దూరాలు కొలవడానికి బంగారం లాంటిది. కానీ మోగేది ఒక్క స్వరమే, దాన్నుంచి వచ్చేదీ ఒక్క సమీకరణమే. లోపల పొరపొరకీ ఏముందో తేల్చాలంటే సన్నగా మోగినా పదుల స్వరాలు కావాలి.

బేరింగ్ బాబాయ్:
‘తక్కువ చీలాలి, ఎక్కువ చీలాయి’ అన్న దగ్గర నాకు నమ్మకం కుదిరింది. ఇంకో రెండు. ఈ రెడ్ జెయింట్‌ని కొట్టి మోగించేది ఎవరు? మేం బంప్ టెస్టుకి సుత్తితో కొడతాం. రెండోది, సైడ్‌బ్యాండ్స్ అన్నీ షాఫ్ట్ వల్లే రావు, లూజ్‌నెస్‌కి కూడా వస్తాయి. ఇక్కడ అలాంటి దొంగలు లేవా?

తారాపథం:
కొట్టేది పైపొరల్లో మరిగే వాయువే. ఎడాపెడా కొడుతూనే ఉంటుంది. సెఫీడ్ అలా కాదు, అది తనంతట తనే ఊగుతుంది.

దొంగ ఉంది, అయస్కాంత క్షేత్రం. తిరగడం వల్ల వచ్చే మూడు పీకుల మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉంటుంది. అయస్కాంతం చేరితే ఒక వైపుకి జరుగుతుంది. 2022లో ఆ జరుగుడుని కొలిచి, మూడు రెడ్ జెయింట్స్ నడిబొడ్డులో 30,000 నుంచి 1,00,000 గౌస్ దాకా క్షేత్రం ఉందని తేల్చారు.

నన్నడిగితే పది రెట్లు అన్నది చాలా తక్కువ. నడిబొడ్డు కుంచించుకుపోయినప్పుడు కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడు ఊపు) ఎటూ పోకుండా ఉంటే ఇంకా ఎన్నో రెట్లు వేగం రావాలి. ఏదో బ్రేక్ వేస్తోంది. అయస్కాంతమా, లోపలి తరంగాలా అన్నదాని మీద ఇంకా కొట్టుకుంటున్నారు.

డేటా ఉచితమే. మాస్ట్ అనే టెలిస్కోప్ డేటా ఆర్కైవ్‌లో ఆ కేఐసీ నంబర్ కొట్టండి, పైథాన్‌లో లైట్‌కర్వ్ ప్యాకేజీ వాడండి. నెమ్మదిగా జారే ట్రెండ్ తీసేశాకే ఎఫ్ఎఫ్‌టీకి వెళ్లండి. నాలుగేళ్ల డేటాయే ఎందుకుందని అడుగుతారేమో. 2013లో కెప్లర్‌ని నిలకడగా పట్టి ఉంచే రియాక్షన్ వీల్స్‌లో రెండోది కూడా పోయింది. పోయే ముందు దాంట్లో ఫ్రిక్షన్ పెరిగింది. ఆ కేసు మీ చేతికి వచ్చుంటే బాగుండేది.