పాత ఐ5 సిస్టమ్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్: ఏది కొనాలి?

రామంతాపూర్_యూజర్:
ఇంట్లో అసెంబుల్డ్ సిస్టమ్. ప్రాసెసర్ ఐ5-7400, బోర్డు హెచ్110 చిప్‌సెట్, ర్యామ్ స్లాట్లు రెండే. ఒకదాంట్లో 8 జీబీ డీడీఆర్4 2400 స్టిక్ ఉంది, రెండోది ఖాళీ. గ్రాఫిక్స్ ఆన్‌బోర్డే. విండోస్ 10, 1 టీబీ హార్డ్ డిస్క్. క్రోమ్‌లో పదిహేను ట్యాబ్‌లు, ట్యాలీ, వాటికి తోడు పిల్లల జూమ్ క్లాస్ నడిస్తే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో అడిగితే 2400 స్టాక్ లేదు, 3200 పెట్టుకోండి, పనిచేస్తుంది అంటున్నారు. నిజమేనా? వేరే కంపెనీ స్టిక్ కలపొచ్చా? ఇంకొకటి, ఆన్‌లైన్‌లో ఒకాయన సర్వర్ నుంచి తీసిన 16 జీబీ డీడీఆర్4 సగం ధరకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

స్లాట్_బీ1:
సర్వర్ స్టిక్ సంగతి ముందు చెప్తాను, డబ్బు పోయేది అక్కడే కాబట్టి. సర్వర్లలో వాడేవి ఎక్కువగా రిజిస్టర్డ్ ఈసీసీ (తప్పులు సరిదిద్దుకునే) రకం. 288 పిన్నులు, గాటు ఉన్న చోటు, అన్నీ మామూలు డీడీఆర్4 లాగే ఉంటాయి. మీ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, ఆన్ చేస్తే మాత్రం డిస్‌ప్లే రాదు. మెమరీ చిప్‌లకీ ప్రాసెసర్‌కీ నడుమ అందులో ఒక రిజిస్టర్ చిప్ ఉంటుంది. ఐ5లోని మెమరీ కంట్రోలర్ దాన్ని నడపలేదు. బయాస్ (ఆన్ చేయగానే బోర్డులో నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో తీరే సమస్య కాదు.

స్టిక్ మీద లేబుల్ చదవడం వస్తే షాపువాడి మాట మీద ఆధారపడక్కర్లేదు. ‘8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2’ అని ఉందనుకోండి. పీసీ4 అంటే డీడీఆర్4. 2400 వేగం. ‘యూ’ ఉంటే డెస్క్‌టాప్‌ది, అదే చోట ‘ఆర్’ ఉంటే సర్వర్‌ది, ‘ఎస్’ ఉంటే ల్యాప్‌టాప్‌ది. కొన్నిటి మీద పీసీ4-19200 అని రాసి ఉంటుంది, 2400ని 8తో గుణిస్తే వచ్చే అంకె అది. 3200 అయితే 25600.

3200 నిరభ్యంతరంగా పెట్టొచ్చు. మీ ప్రాసెసర్ డీడీఆర్4ని 2400 వరకే నడుపుతుంది, హెచ్110లో అంతకు మించి పెంచే వీలూ లేదు. కొత్త స్టిక్ తనంతట తానే 2400కి దిగుతుంది. అయితే మామూలు 1.2 వోల్టులదే తీసుకోండి. లైట్లు, హీట్‌సింక్ ఉన్న గేమింగ్ స్టిక్‌ల మీద రాసే 3200 చాలావరకు 1.35 వోల్టుల ఎక్స్ఎంపీ ప్రొఫైల్‌తో, అంటే బయాస్‌లో విడిగా ఆన్ చేసే సెట్టింగ్‌తో వచ్చే వేగం. మీకు దాంతో పని లేదు, ఆ డబ్బు దండగ.

కంపెనీ వేరైనా ఫర్వాలేదు. టైమింగ్‌లు (ర్యామ్ స్పందించడానికి పట్టే సమయాలు) వేరైతే బోర్డు రెండిట్లో నెమ్మదైన విలువలు ఎంచుకుంటుంది. నేను పట్టుబట్టేది చిప్‌ల లెక్క దగ్గర. ఈమధ్య చౌక 8 జీబీ స్టిక్‌ల మీద నాలుగే పెద్ద చిప్‌లు ఉంటున్నాయి, లేబుల్ మీద 1ఆర్ఎక్స్16 అని ఉంటుంది. పాత బోర్డుల్లో కొన్ని వాటితో మొరాయిస్తాయి, నడిచినా వేగం కాస్త తక్కువ. ఎనిమిది చిప్‌లున్న 1ఆర్ఎక్స్8 అడిగి తీసుకోండి.

8కి 8 పెడితే డ్యూయల్ ఛానల్, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేసే పద్ధతి, పూర్తిగా దొరుకుతుంది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే కాబట్టి ఆ లాభం మీకు కనిపిస్తుంది.

ఇదే బోర్డు ఉన్న మిగతావాళ్లకి ఒక హెచ్చరిక: ఏడో తరం కదా అని డీడీఆర్4 అనే అనుకోవద్దు. హెచ్110లో డీడీఆర్3 స్లాట్లతో కూడా బోర్డులు వచ్చాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ చూసుకునే కొనండి.

పార్క్‌లేన్_అన్న:
అన్నా, కొనేముందు ఒక్కటి చూడు. సిస్టమ్ స్లో అయినప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ, డిస్క్ రెండూ చూడు. మెమరీ 90 శాతం దాటి డిస్క్ గూడ 100 కొడ్తుంటే ర్యామ్ చాలక ర్యామ్‌ల ఉండాల్సినది హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌ల రాసుకుంటున్నట్టు. మెమరీ 60 దగ్గరుండి డిస్క్ ఒక్కటే 100 ఉంటే ర్యామ్ ఎంత పెట్టినా ఫాయిదా లేదు, ఎస్ఎస్‌డీ కావాలె. నన్నడిగితే రెండూ ఒక్కసారే వేయించు. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ నీ బోర్డుకు పడ్తది.

32 జీబీ దాకా మాత్రం పోకు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. విండోస్ 11 జాబితాల ఐ5-7400 లేదు. ఈ సిస్టమ్ మీద అంత ఖర్చు ఎందుకు?

షాపుకు పోయేటప్పుడు పాత స్టిక్ రెండు దిక్కులా ఫోటో తీస్కపో. కొత్తదాని సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించు. పడకపోతే మార్చి ఇస్తరా అని ముందే అడిగి అది గూడ బిల్లు మీదనే రాయించు, తర్వాత నోటిమాట నడవదు. స్టిక్ మీది లేబుల్ పీకకు, వారంటీ పోతది.

రామంతాపూర్_యూజర్:
ధన్యవాదాలు ఇద్దరికీ. అలాగే చూసి కొంటాను. బిగించడం నేనే చేద్దామనుకుంటున్నా. డిస్‌ప్లే రాకపోతే ఏం చేయాలి?

స్లాట్_బీ1:
షట్‌డౌన్ చేసి వెనక పవర్ కేబుల్ పీకేయండి. కేబుల్ ఉన్నంతసేపూ బోర్డులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. తర్వాత పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలింది కూడా దిగిపోతుంది. క్యాబినెట్‌లో రంగు లేని ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని అప్పుడు స్టిక్ తీయండి. పిన్నుల మీద వేలు పెట్టకండి.

ఖాళీ స్లాట్‌లో దుమ్ముంటే ముందు బ్లోయర్‌తో ఊదండి, నోటితో వద్దు, తుంపర్లు పడతాయి. గాటు సరిచూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కాలి. భయపడి మెల్లగా నొక్కితే సగమే దిగుతుంది, డిస్‌ప్లే రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. క్లిప్ దానంతటదే మూసుకుని ‘టక్’ మనాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు పూర్తిగా దిగిందో లేదో కంటితో చూడండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలవ్వచ్చు. బోర్డు కొత్త ర్యామ్‌కి టైమింగ్‌లు సరిచూసుకుంటోంది, ఓ రెండు నిమిషాలు వదిలేయండి. అప్పటికీ రాకపోతే రెండూ తీసి కొత్తది ఒక్కటే పాత స్లాట్‌లో పెట్టండి. వస్తే స్టిక్ మంచిదే. తర్వాత దాన్నే రెండో స్లాట్‌లో పెట్టి చూస్తే స్లాట్ సంగతి తేలుతుంది. ఒక్కొక్కటీ నడిచి రెండూ కలిస్తే రాకపోతే సీమాస్ (బయాస్ సెట్టింగ్‌లు దాచుకునే మెమరీ) క్లియర్ చేయాలి: కేబుల్ పీకి, సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. ఇది చేసే అవకాశం ఉంది కాబట్టి ర్యామ్ ముట్టుకోకముందే బయాస్‌లో సాటా మోడ్ (హార్డ్ డిస్క్ కనెక్షన్ సెట్టింగ్) ఏముందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. క్లియర్ అయ్యాక అది మారితే విండోస్ లోడవదు, జనం దాన్ని కూడా ర్యామ్ తప్పే అనుకుంటారు.

పార్క్‌లేన్_అన్న:
పాత స్టిక్ పిన్నులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తోని తుడువు. రబ్బర్‌తోని రుద్దుతరు గానీ ఆ పొడి స్లాట్‌ల పడితే ఇంకో తలనొప్పి. శానిటైజర్ అసలే వద్దు, దాంట్ల గ్లిజరిన్ కలుపుతరు.

స్లాట్_బీ1:
విండోస్ వచ్చాక సీపీయూ-జెడ్‌లో ఛానల్ దగ్గర ‘డ్యూయల్’ ఉండాలి. ఫ్రీక్వెన్సీ 1200 చూపిస్తే కంగారు పడకండి, డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్ కాబట్టి అసలు వేగం దానికి రెట్టింపు. ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వదిలేయండి. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లు ఉంటాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా మళ్లీ బిగించి ఇంకోసారి నడపండి, అప్పుడూ వస్తే స్టిక్ మార్చుకోవాల్సిందే. బయాస్‌లో 16 కనిపించి విండోస్‌లో 8 మాత్రమే వాడుకలో చూపిస్తుంటే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి ‘మాగ్జిమమ్ మెమరీ’ దగ్గర టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి.