బ్రౌజర్లన్నీ ఒకే ఇంజిన్ మీదికి వస్తే మన బాధ తీరుతుందా?

మొదటి పోస్టు:
తీరుతుందనే నేనంటాను. ఇంజిన్ అంటే మనం రాసిన కోడ్ చదివి పేజీని తెరమీద గీసే బ్రౌజర్ లోపలి భాగం, అవి వేర్వేరుగా ఉండబట్టే మనకీ తిప్పలు. పేజీలో పెట్టెల్ని వరసలో పేర్చే ఫ్లెక్స్‌బాక్స్‌లో, వాటి మధ్య గ్యాప్ ఇవ్వడం ఫైర్‌ఫాక్స్‌లో 2018లో వచ్చింది, క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2021లో. ఒక్క చిన్న ప్రాపర్టీని ధైర్యంగా వాడటానికి అన్నేళ్లు ఆగి, అందాకా మార్జిన్లతో కుస్తీ పట్టాం. ఒపెరా 2013లో, ఎడ్జ్ 2020లో క్రోమ్‌కి ఆధారమైన క్రోమియంకి మారిపోయాయి కదా, మిగతా రెండూ, అంటే ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా మారితే ఒకసారి రాసి ఒకచోట టెస్ట్ చేసుకుని వేళకి ఇంటికి పోతాం. టెస్టింగ్‌కి క్లయింట్లు ఎలాగూ డబ్బులివ్వరు.

జవాబు:
బాధ నిజమేనండీ, మందే తప్పు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. ఎదురు లేకపోయేసరికి ఏడో వెర్షన్ 2006 దాకా రాలేదు. దానికొక్కదానికే రాసిన ఆఫీసు సైట్లను మార్చలేక కంపెనీలు ఆ తర్వాత కూడా పాత బ్రౌజర్‌నే పట్టుకుని కూర్చున్నాయి, ఆ సైట్లను బాగుచేసే పనీ మనలాంటివాళ్ల నెత్తినే పడింది.

అసలు ఇంజిన్ ఒకటైతే తేడాలు పోతాయన్న మాటే నిలవదు. ల్యాప్‌టాప్ క్రోమ్‌లో మొబైల్ సైజు పెట్టి చూస్తే 100వీహెచ్ (అంటే తెర మొత్తం) ఎత్తు చక్కగా సరిపోతుంది, అదే పేజీని ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌లోనే తెరవండి, అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తును లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అడుగున ఉన్న బటన్ తెర కిందికి పోతుంది. దీనికి విరుగుడుగా అడ్రస్ బార్‌ని బట్టి మారే డీవీహెచ్ కొలత 2022 మార్చిలో ముందు సఫారీకి వచ్చింది, క్రోమ్‌కి ఆ ఏడాది చివర్లో. లోపల ఫలానాది ఉన్న పెట్టెకే స్టైల్ వేసే, మనకిష్టమైన హ్యాజ్ సెలెక్టర్ కూడా అంతే, ముందు సఫారీయే.

మొదటి పోస్టు రాసినవారు:
సరే, మరి ఐఫోన్ సంగతేంటి? మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే. పైగా సఫారీ అప్‌డేట్ ఐఓఎస్‌తో కలిసి వస్తుంది, అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్ వాడేవాళ్లకి కొత్త ఫీచర్ ఎప్పటికీ రాదు. పోటీ ఎక్కడుంది ఇందులో?

జవాబు:
లేదు, అందుకే మన కోపం ఐఫోన్‌లోకి వేరే ఇంజిన్‌ని రానివ్వని ఆపిల్ నియమం మీద ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో ఐఓఎస్ 17.4 వేరే ఇంజిన్లకి తలుపు తీసింది. అలాంటిది ఇక్కడా అడగాలి గానీ, వెబ్‌కిట్ గుత్తాధిపత్యం పోగొట్టడానికి క్రోమియంకి దేశం రాసివ్వడం దేనికి?

తెలుగు సైట్లు చేసేవాళ్లకి ఇంకో మాట. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం తెరమీదికొస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యాయి, ఐఓఎస్ 11.2.6తో గానీ సర్దుకోలేదు. మన లిపిని గీసే పని ఒక్కరి కోడ్‌కే వదిలేస్తే, ఆ కోడ్ తప్పిన రోజు తెలుగు చదవడానికి ఇంకో దారి ఉండదు. నేనైతే కొటేషన్‌లోనే ఒక పాత ఐఫోన్, ఒక చవక ఆండ్రాయిడ్‌లో టెస్టింగ్‌కి విడిగా రోజులు రాస్తాను, ఒప్పుకోని క్లయింట్‌కి ఏ ఫోన్లలో చూడలేదో రాసిచ్చి సంతకం తీసుకుంటాను.