ఒక్క టెస్టూ ఆడని గాట్‌లాండ్ ఇంత పెద్ద కోచ్ ఎలా అయ్యాడు?

రగ్బీపిచ్చి:
వారెన్ గాట్‌లాండ్ గురించి చదువుతుంటే ఒక సంగతి మింగుడు పడట్లేదు. ఆల్ బ్లాక్స్‌కి (న్యూజిలాండ్ జాతీయ జట్టు) 17 మ్యాచులు ఆడాడట, అందులో ఒక్కటీ టెస్టు, అంటే జాతీయ జట్ల మధ్య జరిగే అధికారిక మ్యాచ్, కాదట. అదెలా? వేల్స్‌కి మూడు గ్రాండ్ స్లామ్‌లు (సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచులూ గెలవడం) తెచ్చిన మనిషి ప్లేయర్‌గా ఎందుకు పైకి రాలేదు? నేను 2019 ప్రపంచ కప్ నుంచే రగ్బీ చూస్తున్నా, పాత సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి.

నంబర్2జెర్సీ:
పైకి రాలేదు అనకండి. 1993లో న్యూజిలాండ్ ప్రాంతీయ జట్టు వైకాటో, లయన్స్‌ని (ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఐర్లాండ్ ఆటగాళ్ళ ఉమ్మడి జట్టు) 38-10తో చిత్తు చేసినప్పుడు ముందు వరుస మధ్యలో ఆడే హుకర్ ఇతనే. ఆల్ బ్లాక్స్‌లో అదే స్థానంలో షాన్ ఫిట్జ్‌పాట్రిక్ ఉన్నాడు, అదీ అసలు విషయం. 1986 నుంచి 1995 దాకా వరుసగా 63 టెస్టులు ఆడాడాయన! ఇప్పుడైతే రెండో సగంలో హుకర్‌ని మార్చేస్తారు కాబట్టి బెంచ్ మీదున్నవాడికీ ఛాన్స్ వస్తుంది, కానీ అప్పట్లో గాయమైతేనే మార్చాలి, కోచ్ తనకు నచ్చినట్టు మార్చుకునే వీలు 1996లోగానీ రాలేదు. ఫిట్జ్‌పాట్రిక్‌కి గాయం కాదు, ఇతనికి పిలుపు రాదు. టూర్లలో టెస్టుల మధ్య జరిగే మ్యాచులే ఆ 17. తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

పాతమ్యాచులు:
పైన అన్న చెప్పింది కరెక్ట్. కోచింగ్ కూడా ఆ రోజుల్లోనే మొదలైంది, 1989లో ఐర్లాండ్‌లోని గాల్వేలో గాల్వీజియన్స్ క్లబ్‌కి ఆడుతూనే కోచ్‌గా చేశాడు, అప్పటికి 26 ఏళ్ళే. తర్వాత అక్కడి ప్రాంతీయ జట్టు కానాక్ట్, 1998లో ఐర్లాండ్ జాతీయ జట్టు. 2001 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌ని ఓడించారు, ఆ ఏడాది చివరికల్లా తీసేశారు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. ఈయన ఇంగ్లండ్ క్లబ్ వాస్ప్స్‌కి వెళ్ళి 2003, 2004, 2005 మూడేళ్ళూ ఇంగ్లండ్ లీగ్ గెలిపించాడు, మధ్యలో 2004లో యూరప్ క్లబ్బుల టోర్నీ హైనెకెన్ కప్ కూడా. అక్కడ డిఫెన్స్ చూసుకున్న షాన్ ఎడ్వర్డ్స్‌ని తర్వాత వేల్స్‌కీ తీసుకెళ్ళాడు. సరైన మనిషిని పక్కన పెట్టుకోవడమే ఆయన పెద్ద తెలివి అని నా నమ్మకం.

వేల్స్ సంగతైతే చెప్పాల్సిందే. 2007 ప్రపంచ కప్‌లో ఫిజీ చేతిలో 38-34తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చిన జట్టు అది. 2008లో కోచ్‌గా గాట్‌లాండ్ మొదటి మ్యాచే ఇంగ్లండ్ సొంత మైదానం ట్వికెన్‌హామ్‌లో, వేల్స్ అక్కడ గెలిచి 20 ఏళ్ళు. 26-19తో గెలిచారు, ఆ సీజన్‌లోనే గ్రాండ్ స్లామ్ కొట్టారు. తర్వాత 2012, 2019.

రగ్బీపిచ్చి:
థాంక్స్ అన్నా, ఆ బెంచ్ రూల్ అస్సలు తెలీదు నాకు. మరి 2013లో లయన్స్ కోచ్‌గా ఆస్ట్రేలియా టూర్‌లో ఓడ్రిస్కాల్‌ని తీసేశాడని అంత గొడవ ఎందుకైంది?

నంబర్2జెర్సీ:
సిరీస్ 1-1తో ఉంది, మూడో టెస్టే తేల్చాలి, అలాంటప్పుడు ఐర్లాండ్ వాళ్ళు దేవుడిలా చూసే ఆటగాడిని పక్కన పెట్టి ఆ స్థానంలో వేల్స్ ఆటగాడు జొనాథన్ డేవిస్‌ని ఆడించాడు. మొదట దిగిన 15 మందిలో 10 మంది వేల్స్ వాళ్ళే అయ్యేసరికి తిట్టనివాళ్ళు లేరు. 41-16తో గెలిచారు. బయట కూర్చోవడం ఎంత నొప్పో తెలిసిన మనిషి కూడా ఆ పని చేయగలిగాడంటే జట్టు గురించి ఎంత ఆలోచించి ఉంటాడో చూడండి.

పాతమ్యాచులు:
చివరి రోజులూ చెప్పాలి. 2022 డిసెంబర్‌లో వేల్స్‌కి తిరిగొచ్చాడు. 2023 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాని 40-6తో ఓడించారు గానీ, ఆ కప్ తర్వాత జట్టు చతికిలపడింది. 2025 ఫిబ్రవరిలో రోమ్‌లో ఇటలీ చేతిలో ఓటమితో వరుసగా 14 టెస్టులు పోయాయి, దాంతో తప్పుకున్నాడు. 2018-19లో వరుసగా 14 గెలిచిందీ ఇదే కోచ్, ఇదే దేశం. కెప్టెన్‌గా చేసిన అలన్ విన్ జోన్స్ లాంటివాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఖాళీ పూడ్చేవాళ్ళు తయారుకాలేదు, తప్పంతా ఒక్క కోచ్ మీద వేయడం నాకు నచ్చదు.